నాచారం నుంచి అసెంబ్లీ దాకా మా వదిన

నాకు ఆ కబురు పాలబూత్ దగ్గర తెలిసింది. ఎప్పటిలాగే పొద్దున్నే వెళ్లి వరుసలో నిలబడ్డాను. బూత్ నడిపే ఆయన ప్యాకెట్లు నా చేతిలో పెట్టి, "అక్కా, నీకు ఎవరన్న చెప్పిన్రో లేదో. చైర్మనమ్మ పోయిందంట. మల్కాజిగిరిల, బిడ్డ ఇంట్ల" అన్నాడు. నా వెనక నిలబడ్డ ఒకాయన తలకు చుట్టుకున్న మఫ్లర్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఏ చైర్మనమ్మ అని ఎవరూ అడగలేదు. ఉప్పల్‌లో గానీ నాచారంలో గానీ ఆ మాటకు ఒక్కరే పలుకుతారు. ఆమె మునిసిపల్ చైర్మన్‌గా చేసింది, తర్వాత ఎమ్మెల్యే అయింది, తర్వాత ఓడిపోయింది. అయినా జనం నోట్లో మొదటి పదవే నిలిచిపోయింది. నాకు మాత్రం వదిన. రక్తసంబంధం ఏమీ లేదు. నేను వాళ్లాయనను అన్నా అని పిలిచేదాన్ని కాబట్టి ఆమె నాకు వదిన అయింది. మా వీధిలో చుట్టరికాలన్నీ అట్లా గోడ మీద నుంచి పిలుచుకోవడంతో మొదలైనవే.

గుండె జబ్బని, చిన్న కూతురి ఇంటికి దగ్గర్లో మంచి డాక్టరు ఉన్నాడని నెల కిందట మల్కాజిగిరి వెళ్లింది. వెళ్లేటప్పుడు ఆటోలో కూర్చొని, "నేనొచ్చేదాక మా ఇంటాయన చారు తినకు, పాణానికి మంచిది కాదు" అని నాకు చెప్పింది. నేను ఆమె గురించి రాయాలనుకున్నప్పుడు మొట్టమొదట గుర్తొచ్చింది ఆ మాటే. అందుకే ఇది ఏడుపుగొట్టు స్మృతి కాలేదు. అట్లా రాస్తే ఆమె ఒప్పుకోదు కూడా.

ఎనభైల మొదట్లో మేము జనగామ దగ్గరి పల్లె నుంచి నాచారం వచ్చాం. మా ఆయనకు ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. లారీలో నుంచి మంచం, బిందెలు దించుకుంటుంటే పక్కింటి వరండాలో నుంచి ఒకామె చాయ గ్లాసులతో వచ్చింది. మెడలో కొలత టేపు వేలాడుతోంది. నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. నన్ను ఎగాదిగా చూసి, "నీ జాకెట్టు భుజాల కాడ పట్టేసింది. ఎవరు కుట్టిన్రు?" అంది. మా అమ్మ కుట్టిందన్నాను. "మీ అమ్మ మంచిదే ఉంటది. కుట్టుడు రాదు, గంతే. రేపు ఇయ్యి, ఇప్పి సవరిస్త" అంది. అదే మా పరిచయం.

ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. వాళ్లాయన, అంటే మా అన్నయ్య, ఫ్యాక్టరీలో ఫిట్టర్. మాట తక్కువ మనిషి. ఇద్దరు ఆడపిల్లలు. ఆదివారం పొద్దున వీధి చివరి చర్చిలో పాట మొదలైతే, అందులో మా వదిన గొంతు వేరుగా వినిపించేది. పాస్టరుగారు ఒకసారి, "అమ్మా, దేవుడికి చెవుడు లేదు, జర మెల్లగ పాడినా ఇంటడు" అన్నాడట. "ఆయనకు లేదు సార్, ఎనక బెంచిల కూసున్నోళ్లకు ఉన్నది" అని ఈమె జవాబు. ఆ గొంతే తర్వాత మైకు లేకుండా సభలు జరిపించింది.

కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు ఇంటి సంగతులన్నీ ఆమెకు చెప్పేవారు. తాగి వచ్చే మొగుడు, బడి మానేసిన పిల్లవాడు, తిట్టే అత్త, అన్నీ ఆ వరండాలోకి వచ్చేవి. ఆమె పెదాల మధ్య గుండుసూదులు పట్టుకొని, తల ఊపుతూ చివరిదాకా వినేది. ఎంత ఓపిక వదినా నీకు అని ఒకసారి అన్నాను. సూదులు అరచేతిలోకి ఊది, "ఓపిక ఎక్కడిదే. నోట్లె సూదులున్నయి కాబట్టి మాట్లాడరాలే. గందుకే మంచి పేరొచ్చింది" అంది.

ఆమె రాజకీయం ఉప్మాతో మొదలైంది. ఆ ఎండాకాలం మా వైపు బోర్లు ఎండిపోయాయి. నీళ్ల ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. వరుసగా కొన్నాళ్లు రాకపోయేసరికి వీధి ఆడవాళ్లమంతా ఖాళీ బిందెలతో ఉప్పల్‌లోని మునిసిపల్ ఆఫీసుకు బయలుదేరాం. అక్కడి ఇంజినీరు చెడ్డవాడేమీ కాదు. "ట్యాంకరు రిపేరుకు పోయింది, అది వచ్చేదాకా నన్నేం చేయమంటారు" అన్నాడు. కొందరు అరవడం మొదలుపెట్టారు. వదిన వాళ్లను ఆపి, "సార్, మాకు తొందర లేదు. ట్యాంకరు వచ్చేదాక ఈడ్నే కూసుంటం" అంది. పిల్లలు ఆకలి అంటున్నారు. ఆమె ఒకరిని పంపి ఇంటి నుంచి స్టవ్వు, రవ్వ తెప్పించింది. ఆఫీసు వరండాలో ఉప్మా ఉడికింది. గుమస్తాలు వాసనకు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. మొదటి ప్లేటు ఇంజినీరుకు పెట్టి, "ముందు తినుండ్రి, తర్వాత కొట్లాడుదం" అంది. ఆయన తిన్నాడు. తిన్న మనిషి ఊరుకోలేకపోయాడు. తనే స్కూటర్ మీద వెళ్లి ఇంకో ఊరి ట్యాంకరును మాట్లాడి తెచ్చాడు. సాయంత్రం మేము ట్యాంకరు ముందు నడుస్తూ, పెళ్లి ఊరేగింపులాగా నాచారం చేరుకున్నాం.

మునిసిపల్ ఎన్నికలు వచ్చినప్పుడు ఆ ఉప్మా సంగతి అందరికీ గుర్తుంది. ఆసారి చైర్మన్‌ను కూడా జనమే నేరుగా ఓటు వేసి ఎన్నుకోవాలన్నారు. మా వీధి చివర బర్రెలు పెట్టుకొని పాలు అమ్మే ఒక ముసలావిడ ఉండేది. అందరూ పాల అవ్వ అనేవాళ్లు. ఆమే వచ్చి వరండాలో కూర్చొని, "నువ్వు నిలబడు. లేకుంటే నేను నిలబడుత" అని బెదిరించింది. వదిన నవ్వేసింది. తర్వాత నవ్వు ఆపి అన్నయ్య వంక చూసింది. అన్నయ్య పళ్లెంలోంచి తల ఎత్తకుండా, "నిలబడితే నిలబడు. ఇంట్ల అయితే నువ్వెప్పుడు కూసున్నవ్" అన్నాడు.

ఏ పార్టీ లేదు. స్వతంత్ర అభ్యర్థికి వచ్చిన గుర్తు కుట్టు మిషను. దానికి ఆమె సంబరం చూడాలి. అడగకుండా దేవుడే ఇచ్చాడంది. చిక్కల్లా బడులు తెరిచే రోజులు దగ్గర పడుతుండడమే. ఒప్పుకున్న యూనిఫారాలు కుట్టివ్వాలి, ప్రచారమూ చేయాలి. చివరికి ఒక ట్రాక్టరు ట్రాలీలో నిజం మిషన్‌నే ఎక్కించారు. ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం దాకా ట్రాలీ నడుస్తుంటే ఆమె నిక్కర్లు కుడుతూ కూర్చుంది. ట్రాక్టరు ఆగిన చోట లేచి మాట్లాడేది. గుంతల రోడ్డు మీద దారం తెగినప్పుడల్లా, "సూసిన్రా, రోడ్డు మంచిగ లేక ఎంత కష్టమో" అని జనానికి చూపించేది. అన్నయ్య ముందు సైకిల్ మీద బెల్లు కొట్టుకుంటూ పోయేవాడు. ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక్క ప్రసంగం ఆ బెల్లు.

ఎదుటి అభ్యర్థికి జీపులు, బ్యాండు అన్నీ ఉన్నాయి. అయినా ఆడవాళ్ల ఓట్లు ఎటు పోయాయో లెక్కింపులో తేలింది. గెలిచి ఇంటికి వచ్చిన సాయంత్రం వరండా నిండా జనం, దండలు. అందరూ వెళ్లాక అన్నయ్య మెల్లగా అడిగాడు. "మంచిగున్నది. రేపటి సంది అన్నం ఎవరు వండాలె?"

"నువ్వే" అంది వదిన.

ఆయన నిజంగానే వండాడు. ఆ ఐదేళ్లూ వండాడు. అన్నం బాగానే ఉండేది. చారు తినడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. వార్డు కౌన్సిలర్లు గొడవ పెట్టుకోవడానికి ఇంటికి వస్తే, భోజనం చేసి వెళ్లమనేది. రెండోసారి గొడవకు వచ్చేవాళ్లు తక్కువ.

చైర్మన్‌కు ప్రభుత్వం ఒక జీపు ఇచ్చింది. ఆమె ఆఫీసుకు ఎక్కువగా బస్సులోనే పోయేది. జీపు మాత్రం ఖాళీగా ఉండేది కాదు. అప్పట్లో మా బస్తీల్లో నొప్పులు మొదలైతే దవాఖానాకు పోవడానికి దిక్కుండేది కాదు. ఒకరోజు పక్క బస్తీలో ఒక పిల్లకు నొప్పులొస్తే వదిన తన జీపు పంపింది. ఆ మాట పాకింది. కొద్దిరోజుల్లోనే అది కాన్పుల జీపు అయింది. డ్రైవరు మొదట్లో భయపడేవాడు. తర్వాత తర్వాత, "అమ్మా, ఈమెకు ఇంకా టైమున్నది, చాయ తాగి పోదం" అనేంత అనుభవం వచ్చిందతనికి. ఆ జీపులోనే ఒకావిడకు మగపిల్లవాడు పుడితే వాళ్లు వాడికి చైర్మన్ అనే పేరు పెట్టారు. ఐదేళ్లు నిండాక బడిలో చేర్పించడానికి నా దగ్గరికే తెచ్చారు. నేను నాచారం బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. హాజరు పిలిచేటప్పుడు "చైర్మన్" అంటే బక్కపలుచని వాడొకడు "ప్రెజెంట్ టీచర్" అనేవాడు. ఈ సంగతి చెప్తే వదిన కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఆమె చైర్మన్‌గిరీలో కష్టమైన సంగతి కూడా ఆ జీపు వల్లే మొదలైంది. సిటీ నుంచి వచ్చే పెద్ద పైపు నుంచి మాకు ఒక పాయ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మా వీధుల వైపు నల్లాలు వస్తాయని ఎన్నికలప్పుడే ఆమె మాటిచ్చింది. తవ్వకానికి గీతలు కూడా గీశారు. ఆ రోజుల్లోనే మురికినీళ్ల నాలా పక్కన ఉన్న బస్తీలో ఎవరికో నొప్పులు వస్తే డ్రైవరుతో పాటు ఆమె కూడా వెళ్లింది. జీపు ఎక్కించేలోగా ఆ ఇంటి ముసలాయన ఆమెకు గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చాడు. పచ్చగా ఉన్నాయి, ఏదో మందు వాసన. చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ నీళ్లు భూమిలోకి దిగి ఆ బోరులో కలిశాయో ఎవరికీ తెలియదు. ఆ బస్తీ పిల్లల్లో చాలామందికి కామెర్లు.

ఇంటికి వచ్చి ఆ మాట నాకు చెప్తూ, "తాగలేకపోయిన పిల్లా. ఆయన చేతులకెంచి తీసుకున్న గ్లాసు ఆయన ముంగట కింద పెట్టలేకపోయిన. అట్లనే పట్టుకొని నిలబడ్డ" అంది. ఆ రోజు మిషను ముట్టుకోలేదు.

వారంలోపే సంగతి బయటపడింది. పైపు ముందు నాలా పక్క బస్తీకి పోయేట్టు వదినే మార్పించింది. ఆ ఏడు వచ్చే నీళ్లు ఒకవైపుకే సరిపోతాయి. మా వైపుకు తర్వాత ఎప్పుడో.

మా వీధి వీధంతా ఆమె వరండాలో దిగింది. ముందు పాల అవ్వ. నేనూ ఒక మూల నిలబడ్డాను.

"ఓట్లు మేమేస్తిమి. నీళ్లు ఆళ్లకా?" అని అడిగింది అవ్వ. "ఆ బస్తీల నీకు ఒక్క ఓటన్న పడ్డదా?"

వదిన నోట్లోని సూదులు తీసి డబ్బాలో వేసింది. "పడలేదు అవ్వా. ఆళ్లంతా అవతలాయనకే ఏసిన్రు."

"మరి?"

"మనకు నీళ్లు తక్కువున్నయి. ఆళ్లకు ఉన్న నీళ్లు మంచిగ లేవు. మనం బిందె పట్టుకొని ట్యాంకరు కోసం సూస్తం. ఆళ్లు అయే తాగి దవాఖానాకు పోతున్నరు. నువ్వు నా జాగల ఉంటే ఏం చేస్తవో చెప్పు. నువ్వెట్లంటే గట్ల చేస్త."

అవ్వ లేచి కొంగు దులుపుకొని, "నేను నీ జాగల లేను. నా జాగల నాకు నీళ్లు లేవు" అని వెళ్లిపోయింది. ఆమె వెనకే అందరూ వెళ్లారు. అవ్వ అన్నదాంట్లో తప్పేముంది? వదిన అన్నదాంట్లో మాత్రం తప్పేముంది? ఆ రోజు మా ఇంట్లో అన్నం తింటూ మా ఆయనా నేనూ ఇదే మాట్లాడుకున్నాం. ఎటూ తేలలేదు.

ఆ ఏడు మా వీధి వాళ్లు యూనిఫారాలు వేరే చోట కుట్టించుకున్నారు. ఆమెను అన్నిటికంటే బాధపెట్టింది అదే. తిడితే పడింది, పలకరించకపోతే తనే పలకరించింది. కానీ బడి తెరిచిన రోజు వేరే ఎవరో కుట్టిన చొక్కాలతో పిల్లలు తన వరండా ముందు నుంచి పోతుంటే మాత్రం, "కాలర్లు సూడు, ఎట్లున్నయో" అని లోపలికి వెళ్లిపోయింది.

మళ్లీ ఎండలు ముదిరాయి. ట్యాంకరు వచ్చినప్పుడు వరుసలో ఆమె కూడా బిందెతో నిలబడేది. చైర్మన్ ఇంటికి మనిషితో నీళ్లు పంపుతామని ఆఫీసు వాళ్లు అన్నారు, వద్దంది. ట్యాంకరు మనిషి, "అమ్మా, ముందుకు రా" అని పిలిస్తే, "నా బిందె దాని జాగల అది ఉన్నది, నువ్వు పట్టు" అనేది. ఒకరోజు ఆమె ముందు పాల అవ్వ వంతు వచ్చింది. నిండిన బిందె అవ్వ ఎత్తలేకపోయింది. వదిన వంగి బిందె ఎత్తి తన నడుముకు పెట్టుకుంది.

"నీ మీద నా కోపం పోలే" అంది అవ్వ.

"పోవద్దు. ఇంటిదాక నడువు, తొవ్వల తిడుదువు గానీ" అంది వదిన.

ఇద్దరూ ముందు వెనకలుగా నడిచిపోయారు. అవ్వ నిజంగానే దారంతా తిట్టింది. వదిన నీళ్లు తొణకకుండా మోస్తూ, "ఆఁ, ఇంకా?" అంటుంటే మేమంతా వరుసలో నిలబడి నవ్వాం. ఆ నవ్వుతో సగం కోపం దిగిపోయింది.

మా వైపు నల్లాలు ఎండాకాలానికి రాలేదు. వానలు పడ్డాక వచ్చాయి. ఆలస్యమైందని ఆమెకు సిగ్గుగానే ఉండింది. ఎవరో పెద్దమనిషిని పిలిచి ప్రారంభం చేయిద్దామన్నారు ఆఫీసు వాళ్లు. ఆమె అవ్వను పిలిచింది. అవ్వ నల్లా తిప్పింది. మొదట గాలి వచ్చింది, తర్వాత తుప్పు నీళ్లు, ఆ తర్వాత తెల్లటి ధార. అవ్వ దోసిలి పట్టి, తాగుతుందనుకుంటే, ఆ నీళ్లు తీసుకెళ్లి చైర్మన్ ముఖాన కొట్టింది. ఆఫీసు వాళ్లు బిత్తరపోయారు. వదిన కొంగుతో ముఖం తుడుచుకొని, తనూ ఒక దోసిలి పట్టుకుంది. ఆ తర్వాత వీధిలో ఎవరి బట్టలూ పొడిగా మిగల్లేదు. ప్రారంభానికి వచ్చిన మునిసిపల్ కమిషనర్‌గారి ప్యాంటుతో సహా.

తొంభైల నడుమ ఒక పెద్ద పార్టీ వాళ్లు కార్లలో వచ్చి ఎమ్మెల్యే టికెట్ ఇస్తామన్నారు. అన్నయ్య చాయ పెట్టి తెచ్చాడు. అందులో చక్కెర ఎక్కువై వాళ్లు గుటకలు మింగలేక తంటాలు పడుతుంటే వదిన అడిగిన మొదటి ప్రశ్న, "మరి నా కుట్టు మిషను గుర్తు పోతదా?" అని. పోతుందమ్మా, పార్టీ గుర్తు ఉంటుంది అన్నారు. ఆ సంగతికి ఆమె నిజంగా దిగులు పడింది. సరేననడానికి రెండు రోజులు పట్టింది.

ఆ ఎన్నికల్లో ఆమె ఘట్‌కేసర్, కీసర వైపు పల్లెలన్నీ తిరిగింది. అక్కడ ఆమె ఎవరికీ తెలియదు. పొలం గట్టు మీద ఆడవాళ్లతో కూర్చొని మాట్లాడుతూ మాట్లాడుతూ, ఎవరి జాకెట్టు ఎక్కడ పట్టేసిందో చెప్పేదట. ఇక్కడేమో నాలా పక్క బస్తీ వాళ్లు మా వీధి వాళ్లతో కలిసి గోడల మీద ఆమె పేరు రాశారు. ఒకప్పుడు ఆమెకు ఒక్క ఓటు వేయని బస్తీ అది. పాల అవ్వ అప్పటికి మంచం పట్టింది. మంచంతో సహా మోసుకెళ్లి ఓటు వేయించుకొచ్చారు. వదిన గెలిచింది.

అసెంబ్లీలో మాట్లాడాలంటే మాత్రం ఆమెకు వణుకు. సాయంత్రాలు వరండాలో నన్ను ఎత్తు స్టూలు మీద స్పీకర్‌గా కూర్చోబెట్టి సాధన చేసేది. ప్రతి మాటకు ముందు "అధ్యక్షా" అనాలి. అది ఎంత అలవాటైందంటే ఇంట్లో కూడా వచ్చేసేది. "అధ్యక్షా, కూరల ఉప్పు లేదు" అంది ఒకరోజు అన్నయ్యతో. "సభ్యులు కూసోవాలె" అన్నాడు అన్నయ్య, గిన్నె కడుగుతూ.

ఆమె మొదటిసారి మాట్లాడింది నాలా పక్క బస్తీ నీళ్ల గురించే. పైపు నీళ్లు వచ్చినా, ఫ్యాక్టరీల మురికి ఇంకా నాలాలోనే పారుతోంది. ఆ రోజు జరిగింది ఆమె మాకు వరండాలో నటించి చూపించింది. "అధ్యక్షా, మా దిక్కు నీళ్లు గిట్ల పచ్చగ వస్తున్నయి" అని మొదలుపెట్టగానే కొందరు సభ్యులు ఆమె యాస విని నవ్వారట. ఆమె ఆగింది. స్పీకర్‌గారు సభను ఊరుకోమన్నారు. ఈమె మాత్రం, "నవ్వనియ్యుండ్రి అధ్యక్షా. నవ్వుడు అయినంక నీళ్లు ఇయ్యుండ్రి. నా మాట మంచిగ లేకుంటే ఏం ఫికర్ లేదు, నీళ్లు మంచిగుంటె చాలు" అందట. నవ్వు ఆగిపోయింది. తర్వాత ఆమె చెప్పాల్సింది చెప్పి కూర్చుంది.

మేమంతా ఆ రోజు సాయంత్రం రేడియో చుట్టూ చేరాం. ఆమె మాటలన్నీ వస్తాయనుకున్నాం. తాగునీటి సమస్యపై పలువురు సభ్యులు మాట్లాడారు అని ఒక్క వాక్యం చదివి రేడియో వేరే వార్తలోకి వెళ్లిపోయింది. "పలువురిల నేనే ఉన్న" అంది వదిన గర్వంగా.

ఆ తర్వాత అధికారులు వచ్చి చూశారు, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. రెండేళ్లు ఆమె ఆ సీసాల వెంట తిరిగింది. చివరికి మురికినీళ్లు శుభ్రం చేశాకే బయటికి వదలాలని ఫ్యాక్టరీలకు గట్టిగా చెప్పించగలిగింది. వాసన పూర్తిగా పోయిందని నేను చెప్పను. ఇప్పటికీ మబ్బు పట్టిన రోజు ముక్కుకు తగులుతుంది. కానీ మా బడికి వచ్చే ఆ బస్తీ పిల్లల కళ్లు పచ్చబడడం తగ్గింది. ఆ మాట నేను కళ్లారా చూసి చెప్తున్నాను.

ఐదేళ్ల తర్వాత, ఈ మధ్య జరిగిన ఎన్నికల్లో ఓడిపోయింది. ఆ సాయంత్రం మేము వెళ్లేసరికి కొందరు ఏడుస్తున్నారు. "ఎవరు సచ్చిన్రని ఏడుస్తున్నరు? లేచి చాయ పెట్టుండ్రి" అంది. నన్ను చూసి మాత్రం, కాసేపటికి, చెవి దగ్గరికి వచ్చి, "జర బాధైతున్నదే" అంది. అంతే. మర్నాడు పొద్దున గెలిచినాయన ఇంటికి పూలదండ తీసుకొని వెళ్లింది. వయసులో ఆమె కంటే చాలా చిన్నవాడు. ఆమెను గుమ్మంలో చూసి కంగారుగా వచ్చి కాళ్లకు దండం పెట్టాడట. "మంచిగుండు బిడ్డా. ఘట్‌కేసర్ దిక్కు ఒక బడి గోడలు సగంల ఉన్నయి. నేను పూర్తి చేయలేకపోయిన. నువ్వు పైకప్పు ఎయ్యి" అని చెప్పి వచ్చింది.

నిన్న చర్చిలో ఆయనే ముందు వరుసలో నిలబడి ఉన్నాడు. నాలా పక్క బస్తీ నుంచి నడిచి వచ్చిన వాళ్లకు లోపల చోటు చాలక రోడ్డు మీద నిలబడ్డారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తూ, ఇక మన చర్చిలో పాట పలచబడిపోతుంది అన్నాడు. జనం ఏడుస్తూనే నవ్వారు. సమాధి దగ్గర నుంచి తిరిగి వచ్చేటప్పుడు అన్నయ్య నాతో, "అసెంబ్లీ నుంచి ఎంత ఆలస్యమైనా వచ్చి నా చారే తినేది. బాగలేదని అందరికీ చెప్పేది, గిన్నె మాత్రం ఖాళీ చేసేది" అన్నాడు.

ఆమెతో నేను గడిపిన చివరి మంచి రోజు మొన్న కార్తీకంలో కీసర గుట్ట మీద. ఏటా నేను గుడికి వెళ్లేటప్పుడు, "నీ దేవునికి దండం నువ్వు పెట్టు, నా దేవునికి నేను ఆడ్నుంచే పెడత. పులిహోర అయితే ఇద్దరం తిందం" అని ఆమె కూడా వచ్చేది. ఈసారి ఓడిపోయిన మనిషి కదా, రాదేమో అనుకున్నాను. నాకంటే ముందే తయారై బస్టాపులో నిలబడి ఉంది. మెట్లు ఎక్కుతుంటే ఆయాసం వచ్చింది. సగంలోనే ఒక బండ మీద కూర్చుండిపోయి, నన్ను దర్శనం చేసుకొని రమ్మంది.

తిరిగి వచ్చేసరికి ఆమె పక్కన ఒక ముసలి కోతి కూర్చొని ఉంది. ఆమె సంచిలోని పల్లీలు కొన్ని దాని ముందు పోసి, కొన్ని తను వొలుచుకుంటోంది. కోతి ఆమె చేతిలోవి కూడా లాక్కోబోతే, "కూసోని మాట్లాడు. నీ వాటా నీకిచ్చిన గద" అని గట్టిగా అంది. ఆ గొంతుకు కోతి నిజంగానే సర్దుకొని కూర్చుంది. నేను మెట్టు మీదే ఆగిపోయాను. పొద్దు వాలుతోంది. దూరంగా మా నాచారం వైపు ఫ్యాక్టరీల పొగ సన్నగా లేస్తోంది. ఎండ కళ్లలో పడుతుంటే వదిన చెయ్యి అడ్డం పెట్టుకొని అటే చూస్తోంది. పక్కన కోతి కూడా పల్లీ నములుతూ, ఆమెకేం కనిపిస్తోందో అని, అటే చూస్తోంది.